అడగని మొక్కు

అప్ప చనిపోయిందన్న కబురు అప్ప ఫోను నుంచే వచ్చింది. శ్రీకాకుళంలో మా టైపింగు, ఫ్లెక్సీల షాపులో కూర్చుని ఒక శుభలేఖ ప్రూఫు దిద్దుతున్నాను. బల్ల మీద ఫోను మోగింది. అప్ప ఫోనులో మాట్లాడదు, అరుస్తుంది. అందుకని అలవాటుగా ఫోను చెవికి జానెడు దూరంలో పట్టుకుని "చెప్పప్పా" అన్నాను. అరుపు రాలేదు. ఎవరో చాలా మెల్లగా ఏదో అంటున్నారు. ఫోను చెవికి ఆనించుకుంటే ఆమె కోడలు.

"అమ్మా, మాయత్త పొద్దున్న సచ్చిపోనాది. సేపలు ఎండేసి వొచ్చి గుమ్మంలో కూకున్నాది. నీళ్ళు తెమ్మన్నాది. నాను తెచ్చేసరికి నేదు."

ఆ రోజు వెళ్ళలేకపోయాను. ఎన్నికల రోజులు. షాపు నిండా పార్టీల కరపత్రాలు, గుమ్మం నిండా మనుషులు. సాయంత్రానికి పూడ్చేశారని తెలిసింది. ఆ వారమంతా ఎవరు ఫోను చేసినా నా చెయ్యి దానంతటదే దూరంగా జరిగేది.

అప్ప ఆమె పేరు కాదు. మా వైపు అక్కను అప్ప అంటారు. పేరు రాయవచ్చు గాని, నేనెప్పుడూ ఆమెను పేరుతో పిలవలేదు. రాస్తే అది నాకు తెలిసిన మనిషిలా ఉండదు.

మొదటిసారి చూసింది రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది. ఫ్లెక్సీ చుట్టను తెడ్డులా భుజాన పెట్టుకుని షాపులోకి వచ్చింది. అరవై దాటిన మనిషి. నల్లగా, ఎండిన చెక్కలా ఉంది. కౌంటరు మీదున్న కాగితాలన్నీ మోచేత్తో పక్కకు నెట్టి ఆ ఫ్లెక్సీ పరిచింది. వారం కిందట మేమే వేసిచ్చాం. కళింగపట్నం దగ్గరున్న వాళ్ళ జాలరిపేట కుర్రాళ్ళు వచ్చి చేయించుకున్నారు. తెల్లచీరలో ఒక ముసలి సిస్టరు బొమ్మ, కింద వర్ధంతి నివాళి.

"ఈ పళ్ళెం ఎవులెట్టినారు?" అంది.

"ఏ పళ్ళెం?"

"తలకాయెనక. ఎవులెట్టినారు?"

బొమ్మ బోసిగా ఉందని తల వెనక బంగారు రంగు వలయం పెట్టింది నేనే. "దేవుళ్ళకి పెడతాం కదమ్మా, బాగుంటుందని" అన్నాను.

"అమ్మేటి? నాను ముసిల్దాన్నేటి? అప్పా అను. బేగి తీసీ ఆ పళ్ళెం. ఎట్టినట్టు తెలిస్తే సిస్టరమ్మని రోములో ఫెయిలు సేసేస్తారు."

మాది కోమట్ల ఇల్లు. నాకు ఆదివారం చర్చి గంట వినడం తప్ప వాళ్ళ సంగతులేవీ తెలియవు. రోములో ఫెయిలు చేయడమేమిటని అడిగాను. అప్ప స్టూలు లాక్కుని కూర్చుంది. చేతులు కొంగుకు మూడుసార్లు తుడుచుకుని, సిస్టరు బొమ్మ మీద వేలు పెట్టి చెప్పుకొచ్చింది.

ఆ సిస్టరు కేరళ నుంచి వచ్చిన నర్సు. వయసులో ఉండగా వచ్చి, ఆ పేటలో ఒక చిన్న దవాఖానా పెట్టి, ముసలిదయ్యేదాకా అక్కడే ఉంది. అప్ప పొద్దున్న ఎండుచేపల గంప అమ్ముకుని, మిగతా పగలంతా ఆ దవాఖానాలో సూదులు మరగబెట్టేది, గుడ్డలు ఉతికేది. సిస్టరుకు తెలుగు నేర్పింది కూడా అప్పే. అందుకని ఆవిడకు వచ్చిన తెలుగంతా జాలరిపేట తెలుగే. ఒకసారి బిషపుగారు చూడటానికి వస్తే, "ఏటి బాబూ, ఎండన పడి వొచ్చినావు, కూకో" అందట. ఆ మాట చెప్పి అప్ప నవ్వింది. నవ్వేటప్పుడు పై పెదవి మీద చెయ్యి పెట్టుకునేది, ముందు పన్ను లేదని.

సిస్టరు విశాఖపట్నం ఆసుపత్రిలో పోయింది. ఆ పొద్దున అప్ప సంతలో ఉంది. తిరిగొచ్చేసరికి శవపెట్టె వచ్చింది. దవాఖానా ఆవరణలోనే పూడ్చారు. కొన్నాళ్ళకు జనం ఆ సమాధి దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కిరస్తానీలు కొవ్వొత్తులతో, మిగతావాళ్ళు కొబ్బరికాయలు, పసుపు, పూలదండలతో. వేటకు పోయే ముందు మగవాళ్ళు చెప్పులు విప్పి దణ్ణం పెట్టేవారు. ఐదేళ్ళు దాటాక, ఆమెను పునీతురాలిగా, అంటే సెయింటుగా, గుర్తించమని రోమును అడుగుదామని బిషపుగారి కింది ఫాదరులు అనుకున్నారు. అప్పుడు అక్కడున్న ఫాదరు ఒక ఆదివారం గట్టిగా చెప్పాడు: రోము తేల్చకముందే మనం పునీతురాలిగా పూజించేస్తే మొత్తం విచారణ ఆగిపోతుంది, కాబట్టి సమాధి దగ్గర మొక్కులు పనికిరావు అని.

అప్ప కిరస్తానీ కాదు. "నాకు మా అమ్మోరుంది. సిస్టరమ్మ ఏనాడూ రమ్మననేదు, నానూ ఎల్తానననేదు" అనేది. కాని ఆ ఆదివారం ఫాదరు మాట విన్నవాళ్ళలో దాన్ని తు.చ. తప్పకుండా పట్టుకున్నది ఆమె ఒక్కతే.

ఆ రోజు కంప్యూటరులో వలయం తీసేసి కొత్త ఫ్లెక్సీ వేసిచ్చాను. పాతది చింపేదాకా కదల్లేదు. పోతూపోతూ "టైపు గుంటా, మంచిదానివే" అంది. మా వైపు ఆడపిల్లను గుంట అంటారు. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు.

తర్వాత మూడు నెలలకు ఆ పేట ఫాదరే మా షాపుకు వచ్చాడు. పాతాయన బదిలీ అయ్యాడు, ఈయన కొత్త, చిన్నవాడు. బిషపుగారు విచారణ తెరిచారని, సిస్టరును ఎరిగినవాళ్ళ సాక్ష్యాలు తెలుగులో ఉన్నవి ఉన్నట్టు టైపు చేయాలని, ఆ యాస తెలిసిన మనిషి కావాలని అడిగాడు. నన్ను అడగమని చెప్పిందెవరో నేను అడగక్కర్లేకపోయింది. అలా నేను వారానికి రెండుసార్లు బస్సెక్కి కళింగపట్నం వైపు వెళ్ళడం మొదలైంది. పని మొదలుపెట్టే ముందు నా చేత కూడా ప్రమాణం చేయించారు. సాక్ష్యాలు చెప్పే గదిలో విన్నది బయట చెప్పకూడదు. ఆ మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నాను. ఇక్కడ రాస్తున్నవన్నీ గది బయట జరిగినవే.

గది బయట అప్ప ఉండేది.

దవాఖానా ఆవరణలో సమాధికి ఎదురుగా వేపచెట్టు. దాని కింద చీపురుతో కూర్చునేది. ఎవరైనా దండ పట్టుకుని గేటు దాటితే చాలు. "ఒసే, ఆగవే! అక్కడెట్టకు! ఎట్టినావంటే నీవల్లే ఆవిడ సెయింటు అవదు. ఆ పాపం నీకు కావాలేటి?" వాళ్ళు బతిమాలేవారు. అప్ప వినేది కాదు. అలాగని దండను పారెయ్యదు. "పువ్వులేటి సేసినాయి?" అని తీసుకెళ్ళి అమ్మోరి గుడిలో వేసొచ్చేది. కొబ్బరికాయ అయితే కొట్టి దవాఖానాకు వచ్చిన రోగులకు పంచేది. కొవ్వొత్తులు చర్చికి పంపేది. రాతి మీద ఒక్క నూనె మరక, ఒక్క కుంకుమ చుక్క ఉండనిచ్చేది కాదు. తడిగుడ్డతో తుడిచి, పక్కకు వంగి ఎండలో చూసి, మళ్ళీ తుడిచేది.

నాకు పునీతుల సంగతి చెప్పింది కూడా ఆమే. "ముందు దైవసేవకురాలు. అది పదో కళాసు. తరవాత ఇంకోటి, గౌరవం అని ఏదో ఉన్నాది. ఆ తరవాత ధన్యురాలు, దానికో అద్బుతం కావాల. ఆ పైన పునీతురాలు, దానికి ఇంకో అద్బుతం. డాకటర్లు కూడా సూసి, మా వల్ల అవనేదు, ఇది మందుల పని కాదు అనీసి సెప్పాల." ఫాదరు ఇది విని, తన పాఠం కన్నా బాగుందన్నాడు.

ఆమె గురించి నాకు తెలిసిన మరో సంగతి కోడలు చెప్పింది, ఒకరోజు మంచినీళ్ళు ఇస్తూ. అప్పకు ఒక్కడే కొడుకు. సిస్టరు చేతుల మీద పుట్టినవాడు. మూడేళ్ళ కిందట తుఫానుకు ముందు వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. అందులో నలుగురున్నారు. ఎవరూ దొరకలేదు. కోడలు పుట్టింటికి పోకుండా అత్త దగ్గరే ఉండిపోయింది. అప్ప నోట ఆ కొడుకు మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఎప్పుడైనా ఎవరైనా ఎత్తబోతే లేచి సమాధి తుడవడానికి వెళ్ళిపోయేది.

అప్పటిదాకా నేను టైపు చేసినవి దవాఖానా పాత కాగితాలే. సాక్షులను పిలిచే ముందు సమాధిని చూడాలన్నారు. అక్కడ పూజలేమీ జరగడం లేదని రాసి సంతకాలు పెట్టాలి. బిషపుగారు పంపిన పెద్ద ఫాదరు ఒకాయన వచ్చాడు. తెల్లజుట్టు, మెత్తటి మాట. మా ఫాదరు, ఊళ్ళో పదిమంది, నేను కాగితాలతో వెంట ఉన్నాం. ఆయన సమాధి చుట్టూ తిరిగాడు. వంగి రాతి అంచులు చూశాడు, మసి ఉందేమోనని. కంచెకు ముడుపు దారాలు కట్టారేమోనని చూశాడు. ఏమీ లేవు.

"ఇంత శుభ్రంగా ఉన్న సమాధి నేను చూడలేదు. ఎవరు చూసుకుంటారు?" అన్నాడు.

అందరూ అప్పను ముందుకు తోశారు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. పరీక్షలో మొదటి మార్కు వచ్చిన పిల్లలా ఉంది ఆమె ముఖం.

"నువ్వు మనసులో ప్రార్థన చేసుకుంటూ ఉంటావా అమ్మా, ఈవిడకి?" అని ఆయన ఆప్యాయంగా అడిగాడు.

అప్ప బెదిరిపోయింది. "నేదు బాబూ! ఒట్టు! ఒక్కనాడూ నేదు. పేటలో ఆడోళ్ళందరూ సాటుగా అడుగుతారు, నాకు తెలుసు. నాను అడగనేదు. నా కొడుకు తుఫానులో సిక్కడిపోనప్పుడు కూడా అడగనేదు. మూడు రోజులు ఆ గేటు బయట నిలబడ్డాను, లోపలికి రానేదు. నోట్లోకి వొచ్చీసిన మాట మింగేసినాను. కావాలంటే ఈళ్ళని అడుగు."

ఆమె గొంతులో గర్వం ఉంది. నేను రాయడం ఆపేశాను.

పెద్ద ఫాదరు కళ్ళజోడు తీశాడు. "మనసులో అడగొచ్చమ్మా" అన్నాడు. "అది ఎవరూ వద్దనలేదు. నలుగురిలో దీపాలు పెట్టి, దండలు వేసి చేసే పూజే వద్దన్నాం. మనసులో ఎవరైనా అడుక్కోవచ్చు. అలా అడిగేవాళ్ళు ఉండాలి కూడా."

"అడగొచ్చా?"

"అడగొచ్చు."

అప్ప ఆయన వంక, మా ఫాదరు వంక, మళ్ళీ ఆయన వంక చూసింది.

"అడిగుంటే వొచ్చేవోడా బాబూ?"

పెద్ద ఫాదరు తప్పించుకోలేదు, అందుకే ఆయనంటే నాకు గౌరవం. "తెలీదమ్మా" అన్నాడు. "నాకు తెలీదు. నీకు సరిగ్గా చెప్పకపోవడం మాత్రం మా తప్పే." ఆమె ముందు చేతులు జోడించాడు.

అప్ప చీపురు గోడకు ఆనించి వెళ్ళిపోయింది. గంప నెత్తిన లేకపోయినా, ఉన్నట్టు ఒక చెయ్యి పైకెత్తి నడవడం ఆమె అలవాటు. ఆ రోజు రెండు చేతులూ కిందికి వేలాడుతున్నాయి.

మర్నాటి నుంచి సమాధి దగ్గరికి రాలేదు. రాతి మీద వేపాకు రాలి పేరుకుంది. దండలు పడ్డాయి, తీసేవాళ్ళు లేరు. మా ఫాదరే పొద్దున్నే వచ్చి తుడుచుకునేవాడు. సాక్షుల జాబితాలో మొదటి పేరు అప్పదే. సిస్టరుతో అంతకాలం పనిచేసిన మనిషి మరొకరు బతికి లేరు. ఫాదరు రెండుసార్లు ఇంటికి వెళ్తే తలుపు తియ్యలేదు. "మీ మాట వింటుందేమో" అని నాకు ఫోను చేశాడు.

వెళ్ళాను. ఒడ్డున ఇసుకలో వలలు పరిచి, వాటి మీద నెత్తళ్ళు అనే చిన్న చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి మళ్ళీ చేపల మీదికి వంగింది. నేనూ చెప్పులు విప్పి పక్కన కూర్చుని, ఆమె తిప్పినట్టే చేపలు తిప్పడం మొదలుపెట్టాను. నా జన్మలో చేపను ముట్టుకోవడం అదే మొదలు. కాసేపు చూసి, "అలగ కాదే, తల ఇరిగిపోతాది" అంది.

"కోపమొచ్చిందా అప్పా?"

"ఎవులి మీద?"

"సిస్టరమ్మ మీద. ఫాదరుల మీద."

"ఫాదరుల మీద వొచ్చినాది. పోనాది. ఆ ముసలాయన దణ్ణమెట్టీసినాడు గదా, ఇంకేటి కోపం." వల కొస సర్దింది. "ఇన్నేళ్ళు నోరు కట్టేసుకున్నానే. ఆవిడికి మంచి జరగాలని కట్టేసుకున్నాను. ఇప్పుడు ఇప్పుకోమంటే ఏటి మాటాడాలో తెల్దు. ఆవిడి ముందుకి ఎల్లడానికి సిగ్గుగున్నాది. కొడుకు పోతే సెప్పనేదు ఎందుకే అని అడుగుతాది గదా?"

"సాక్ష్యానికి రాకపోతే పోనీలే అప్పా. ఫాదరుకి నేను చెప్తాను" అన్నాను. నిజంగానే అన్నాను, లాగడానికి కాదు.

ఆమె చప్పున తల తిప్పింది. "నాను రాకపోతే ఎవులు సెప్తారు? దవాఖానాలో ఇప్పుడున్న కొత్త సిస్టర్లు సెప్తారు, ఎప్పుడూ నవ్వుతూ ఉండేదీ, ప్రార్దన సేసుకునేదీ అనీసి. ఆవిడెప్పుడు నవ్విందే? పొద్దస్తమానం తిట్టేది. సూది సరిగ్గా మరగనేదని నా నెత్తి మీద మొట్టేది. మళ్ళీ తనే అన్నం ఎట్టేది. ఇవి రాయకపోతే ఆవిడెవులో రోమోళ్ళకి ఎలగ తెలుస్తాది?"

"తిట్టినవి కూడా రాస్తారప్పా. మంచీ చెడ్డా రెండూ చెప్పాలి."

"అయితే వొస్తాను."

మూడు రోజులు వచ్చింది. ఏం చెప్పిందో చెప్పను. సాక్ష్యం కాని సంగతులు రెండు చెప్తే తప్పు కాదనుకుంటాను: ఆ మూడు రోజులూ నేను ఎప్పుడూ చేయనంత నెమ్మదిగా టైపు చేశాను. చివర అంతా చదివి వినిపించారు. వేలిముద్రకు సిరా డబ్బా ముందుకు జరిపితే అప్ప దాన్ని వెనక్కి నెట్టింది. సంతకం చేసింది, పెద్దపెద్ద అక్షరాలతో, ఒక్కోటీ ఊపిరి బిగబట్టి.

బయటికి వచ్చాక ఇంటివైపు తిరగలేదు. నా చెయ్యి పట్టుకుని సమాధి దగ్గరికి నడిచింది. ఇంకా మధ్యాహ్నం ఎండ ఉంది. ముందు రాలిన ఆకంతా ఊడ్చింది. తర్వాత కాళ్ళవైపు చతికిలబడి, దవాఖానా అవతలి గదిలోకి కేక వేస్తున్నట్టు గొంతెత్తింది.

"సిస్టరమ్మా, నానే. ఇంజెక్షన్ల గదికి కొత్త రేకులేసినారు. ఈదిలోకి కొళాయి వొచ్చినాది, ఉప్పు నీళ్ళు కావు, మంచియే. నీకు కాలు పట్టిన ముసిల్ది పోనాది. నువ్వు పురుడోసిన గుంటల్లో ఒకర్తి టీచరయినాది. ఒకడు తాగుబోతయినాడు, నువ్వుంటే తన్నేదానివి. పాత ఫాదరు ఎల్లిపోనాడు. ఇప్పుడున్నోడు మంచోడు, తిండి సరిగా తినడు."

పేట కబుర్లన్నీ వరసగా చెప్పింది. ఎవరి పడవ ఎవరు కొన్నారో, ఎవరికి ఎవరితో పెళ్ళయిందో. నాకు నవ్వు కూడా వచ్చింది. తర్వాత ఆగింది. గొంతు తగ్గింది. ఆమె అంత మెల్లగా మాట్లాడగలదని నాకప్పటిదాకా తెలియదు.

"పిల్లోడు రానేదు సిస్టరమ్మా. తుఫానుకి ఎల్లినోడు మరి రానేదు. నీకు సెప్పకూడదేమో అనుకున్నాను."

ఏడవలేదు. కొంగుతో రాతిని తుడుస్తూ చాలాసేపు కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి గాని మాట బయటికి రాలేదు. నేను కొంచెం ఎడంగా జరిగి సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాను.

బస్సు దాకా దిగబెట్టడానికి వస్తుంటే, ఉండబట్టలేక అడిగాను, "ఏమడిగావప్పా?"

"ఏటడుగుతాను? ఇప్పుడు తెమ్మంటే తెస్తాదేటి?" చెయ్యి నెత్తి దగ్గరికి లేచింది, లేని గంపను పట్టుకున్నట్టు. "ఆడు ఎక్కడున్నాడో సూసి, పక్కన కూకోమన్నాను. ఆడికి సీకటంటే బయ్యం."

విచారణ ముగిసిన రోజున కాగితాలన్నీ పెట్టెల్లో పెట్టి, గుడ్డ చుట్టి, లక్క ముద్రలు వేశారు. రోముకు పంపుతారు. అక్కడ ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు, పదేళ్ళు కావచ్చు, యాభై కావచ్చు అన్నాడు ఫాదరు. అప్ప చేతులు మూడుసార్లు తుడుచుకుని ఒక పెట్టెను ఎత్తబోయింది. "ఇదేటి ఇంత బరువున్నాది?" అంటే, "అందులో సగం నువ్వే" అన్నాడాయన.

ఆ తర్వాత మూడేళ్ళూ నెలకోసారి ఫోను చేసేది. "టైపు గుంటా! రోము నుంచి కాయితం వొచ్చిందేటి?" కాగితం వస్తే బిషపుగారికి వస్తుంది గాని నా షాపుకు రాదని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. ఇంకా రాలేదప్పా అంటే, "వొస్తాదిలే. నువ్వు తిన్నావా?" అని, నేను జవాబు చెప్పేలోగా పెట్టేసేది. సంతకు వస్తే కాగితంలో చుట్టిన ఎండునెత్తళ్ళు కౌంటరు మీద పడేసి పోయేది. మా ఇంట్లో తినరని ఆమెకు తెలుసు. "మీరు తినకపోతే ఎవులికైనా ఎట్టు" అనేది. ఆ వాసన షాపులో రెండు రోజులు ఉండేది. పెళ్ళి కార్డులకొచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు. ఇప్పుడు ఆ షాపులో సిరా వాసన, రంగుల వాసన తప్ప మరేదీ లేదు. దానికి నేను అలవాటు పడలేకపోతున్నాను.

ఎన్నికలయ్యాక వెళ్ళాను. కోడలు నన్ను ఒడ్డున సరుగుడు తోటలోకి తీసుకెళ్ళింది. వాళ్ళలో పోయినవాళ్ళను అక్కడే పూడుస్తారు. రాయి పెట్టరు, ఒక కర్ర పాతుతారు. ఆమె అటూ ఇటూ రెండుసార్లు నడిచి, అయోమయంగా నిలబడింది.

"ఈడే ఎక్కడోనమ్మా. కర్ర ఎవులో పొయ్యిలోకి అట్టుకెల్లిపోయినట్టున్నారు. మొన్న గాలికి ఇసక కూడా కదిలిపోనాది."

ఇసుక అంతా ఒక్కలాగే ఉంది. సరుగుడు పుల్లలు అంతటా ఒకే రకంగా రాలి ఉన్నాయి. కోడలు నన్ను చూసి, ఏమనుకుందో, మేకలను అదిలించే వంకతో దూరంగా వెళ్ళింది.

ఏదైనా మనసులో అనుకుందామని చేతులు జోడించాను. ఎటు తిరిగి జోడించాలో తెలియలేదు. ఒకవైపు చూశాను, మళ్ళీ ఇంకోవైపు. నేను రోజంతా దిద్దే అచ్చు తెలుగు ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. గాలి హోరుకు వినపడదేమోనని గొంతు పెంచి, ఆమె లాగే అరిచాను.

"అప్పా, నానొచ్చినాను. ఎటేపున్నావు?"